పెంకుల బట్టీ మరలో మూడు రాత్రులు

2016 మే నెలలో పారిస్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరకు వెళ్ళాను. వెళ్ళిన వారంలోనే అడిగింది: "నాన్నా, యానాంలో ఇల్లు అమ్మేసి మా దగ్గరే ఉండిపోరాదూ?" వాళ్ళమ్మ పోయాక ఆ పెంకుటింట్లో నేనొక్కణ్ణే. ఏం చెప్పాలో తోచక మాట దాటేస్తూ వచ్చాను.

ఆ నెలాఖరున మా అల్లుడూ, పుదుచ్చేరి నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన మరో రెండు కుటుంబాలవాళ్ళూ డబ్బు వేసుకుని, పల్లెపట్టున ఒక ఇల్లు మూడు రాత్రులకు అద్దెకు తీసుకున్నారు. పారిస్‌కు నైరుతిగా, షెవ్రూజ్ లోయలోని జిఫ్-సూర్-ఇవెట్ అనే ఊళ్ళో ఉంది. చెట్ల మధ్య రాతి కట్టడాలు, నడుమ రాళ్ళు పరిచిన వాకిలి, పక్కనే మెరాంతేజ్ అనే చిన్న ఏరు. ఇంటి పేరు 'మూలాఁ ద లా త్విల్రీ'. యానాం బడిలో నేర్చుకున్న ఫ్రెంచి ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది. పెంకుల బట్టీ మర అని దాని అర్థం. ఒకప్పుడు ఏటి నీటితో చక్రం తిప్పి పిండి విసిరిన మర అది.

తరవాతి కాలంలో అది ఇల్లయింది. ద్రియాఁ అనే చిత్రకారుడి దగ్గర 1952లో దాన్ని కొన్నది ఎవరనుకున్నారు? వాలిస్ సింప్సన్ అనే అమెరికన్ స్త్రీని పెళ్ళాడడం కోసం 1936 డిసెంబరులో బ్రిటిష్ సింహాసనం వదులుకున్న ఎనిమిదో ఎడ్వర్డు! పారిస్‌లో ఆ దంపతులున్న భవనం నగరపాలక సంస్థది. ఇద్దరూ కలిసి సొంతంగా కొనుక్కున్న ఇల్లు ఈ మర ఒక్కటే.

మన పెద్దలు ఆయన్ను యువరాజుగా ఎరుగుదురు. 1921 నవంబరు 17న ఆయన బొంబాయిలో దిగినప్పుడు నగరం హర్తాళ్ పాటించింది. అల్లర్లలో ప్రాణాలు కూడా పోయాయి. ఆ పర్యటనలోనే మద్రాసు, మైసూరు, హైదరాబాదు చూశాడు. 1937లో హిట్లరును కలిసి వచ్చాడు కూడాను. అందుచేత నాకు ఆయన మీద గౌరవమేమీ లేదు.

అయినా తోట చూసేసరికి మనసు మెత్తబడింది. రస్సెల్ పేజ్ అనే ప్రసిద్ధ తోటల నిపుణుడి సహాయంతో, ఫ్రెంచి నేల మీద ఇంగ్లీషు తోట వేయించుకున్నాడు. తనూ మట్టిలోకి దిగి పని చేసేవాడట. మా అమ్మాయి కిటికీ దగ్గర కుండీలో కరివేపాకు మొక్కను చలికి కాపాడుకుంటూ రావడం గుర్తొచ్చింది.

మేడ మీద గోడకు ఆ ఇల్లాలు మర చక్రం బొమ్మ వేయించి, పక్కన ఒక వాక్యం రాయించింది. తను మరవాడి కూతురు కాకపోయినా మరలో పడి నలిగినదాన్నేనని దాని భావం. చదివి అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

వారికి పిల్లలు లేరు. 1972లో ఆయన పోయాక ఆమె ఆ ఇల్లు అమ్మేసింది. చేతులు మారి, మేము వెళ్ళేనాటికి ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ అనే బ్రిటిష్ ధర్మసంస్థ నిర్వహణలో ఉండేది. పాత కట్టడాలను బాగుచేసి, సెలవులకు వచ్చేవారికి అద్దెకిచ్చి, ఆ డబ్బుతోనే వాటిని నిలబెట్టడం వారి పద్ధతి. పురావస్తుశాలగా మార్చి తాళం వేయరు. మనుషులను ఉండనిస్తారు. ఆ రాత్రి ఆ వంటింట్లోనే మేము చారు కాచుకుని, తిరగమోత ఘాటుకు కిటికీలన్నీ తెరిచాం.

మర్నాడు ఏటి ఒడ్డున అమ్మాయికి చెప్పాను: "అమ్మనమ్మా. అలాగని నిన్ను రమ్మనీ అడగను. వేసవికి నేనే వస్తుంటాను." కాసేపు మాట్లాడలేదు. తరవాత, "మరి ఒక్కడివీ ఎలా ఉంటావు?" అంది. ఒంటరిగా ఉండనని మాటిచ్చాను.

యానాం చేరిన నెలలోనే పెంకులు తిరగవేయించి, వీధివైపు వాటా ఒక బడిపంతులు కుటుంబానికి తక్కువ అద్దెకిచ్చాను. ఆ అద్దె ఏటేటా ఇంటి మరమ్మతులకే సరిపోతుంది. సందెవేళ వాళ్ళ పిల్లలు ఎక్కాలు చదువుతుంటే, పెరటి వరండాలో కూర్చుని వింటుంటాను.