స్పీకర్ల కాళ్ల కింద 48 వేలు

కూకట్‌పల్లిలో అయిదో అంతస్తు ఫ్లాటు. 15 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు ఉన్న హాలు. కింద ఆర్‌సీసీ స్లాబు, దాని మీద విట్రిఫైడ్ టైల్స్. బ్యాంకులో పనిచేసే ఆ పెద్దమనిషి ఇరవై ఏళ్ల కోరిక తీర్చుకుంటూ లక్షా 85 వేలు పోసి జత ఫ్లోర్‌స్టాండర్ స్పీకర్లు తెచ్చుకున్నది ఆ హాల్లోకే. 1989 నాటి ‘గీతాంజలి’కి ఇళయరాజా చేసిన పాటల్లోని బేస్ గిటార్‌ను స్వరం స్వరం విడివిడిగా వినాలన్నది ఆయన ఆశ. పాట మొదలైంది. గిటార్ వినిపించింది. కానీ బిందెలో నోరు పెట్టి పాడినట్టు స్వరాలన్నీ కలిసిపోయి బుంయ్‌మన్నాయి.

పది రోజులు ఓర్చుకుని, స్పీకర్లు అమ్మిన దుకాణానికే వెళ్లారు. అక్కడి కుర్రాడు కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, “స్పీకర్లలో లోపం లేదు సార్. వాటి వైబ్రేషన్ నేలలోకి పోతోంది. ఐసొలేషన్ ఫీట్ వేయించండి, తేడా మీకే తెలుస్తుంది” అన్నాడు. స్పీకర్‌కు నాలుగు చొప్పున ఎనిమిది కాళ్లు. మొత్తం 48 వేలు. నో కాస్ట్ ఈఎంఐలో నెలకు 4 వేలు, 12 నెలలు. ఆయన కార్డు తీసి ఇచ్చారు. ఇల్లు ఎక్కడ, నేల ఎలాంటిది అని కుర్రాడు అడగలేదు. ఈయనా చెప్పలేదు.

మొదటి వారం పాటలు నిజంగానే బాగున్నాయనిపించింది. ఆ అనిపించడంలో అబద్ధమేమీ లేదు. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో 40 మందికి నాలుగు స్పీకర్లు వినిపించి మార్కులు వేయించారు. ఒకసారి స్పీకర్లు కనిపించేలా, ఇంకోసారి తెర చాటున. అవే స్పీకర్లు, అవే చెవులు. అయినా మార్కులు మారిపోయాయి. చూసేది వినేదాన్ని మారుస్తుందన్నమాట. 48 వేలు పెట్టి కొని, తన చేతులతో మరలు బిగించి, ఎదురుగా కూర్చుని చూస్తూ వింటున్న మనిషికి తేడా వినిపించకుండా ఎలా ఉంటుంది? రెండో వారానికి బుంయ్ మళ్లీ వినిపించసాగింది.

ఈలోగా కార్డు స్టేట్‌మెంట్ వచ్చింది. నో కాస్ట్ ఈఎంఐ లెక్క అందులో విప్పి ఉంది. బ్యాంకు 15 శాతం వడ్డీ లెక్కగట్టి, అప్పు అసలును 44,317 రూపాయలుగా చూపింది. మిగిలిన 3,683 ఏడాది వడ్డీ. ఆ మేరకు అమ్మేవాళ్లు ధర తగ్గించారు కాబట్టే అది ‘నో కాస్ట్’ అయింది. కానీ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం కొన్నవాడిదే. అది 663 రూపాయలు. ప్రాసెసింగ్ ఫీజు 199, దాని మీద జీఎస్టీ కలిపి మరో 235. మొత్తం 898 రూపాయలు చేతి నుంచి పోయాయి. అంతకన్నా పెద్ద నష్టం కంటికి కనిపించనిది. వడ్డీ రూపంలో 3,683 వదులుకోవడానికి సిద్ధపడిన దుకాణం, రొక్కం ఇస్తానంటే అందులో కొంతైనా తగ్గించేది కాదా? ఆ మాట ఆయన అడగనే లేదు. సున్నా వడ్డీ అన్నదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు రాసింది. కౌంటరు ఇవతల కూర్చుని ఖాతాదారులకు ఆయన ఎన్నోసార్లు వివరించిన సంగతే అది.

ఇక స్పీకర్ సంగతి. ధ్వని పుట్టించే కోనును ముందుకు తోసిన ప్రతిసారీ పెట్టె వెనక్కి నెట్టుకుంటుంది. పడవలోంచి గట్టు మీదికి దూకితే పడవ వెనక్కి పోయినట్టు. అయితే పడవకూ మనిషికీ బరువులో తేడా కొంతే. కోను బరువు 25 గ్రాములు, పెట్టె బరువు 25 కిలోలు అనుకుంటే తేడా వెయ్యి రెట్లు. కోను 5 మిల్లీమీటర్లు కదిలితే పెట్టె కదిలేది 5 మైక్రాన్లు. తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా కాదు. ఆ కాస్త కదలిక కింద ఉన్న నేలను కదిలించగలదా లేదా అన్నదే అసలు ప్రశ్న. టన్నుల కొద్దీ బరువున్న కాంక్రీటు స్లాబు దాదాపు కదలదు. చెక్క నేల కదులుతుంది. దూలాల మీద పరిచిన పలక, డోలు మీద బిగించిన తోలు లాంటిది.

ఐసొలేషన్ ఫీట్ అంటే నిజానికి చిన్న స్ప్రింగులే, లోపల ఉన్నది రబ్బరైనా మరొకటైనా. బరువు పెట్టినప్పుడు స్ప్రింగు ఎంత కుంగితే అంత తక్కువ ఫ్రీక్వెన్సీ దాకా కంపనాన్ని ఆపుతుంది. 1 మిల్లీమీటరు కుంగే స్ప్రింగు సహజ కంపనం సుమారు 16 హెర్ట్జ్, 10 మిల్లీమీటర్లు కుంగితే 5 హెర్ట్జ్. ఆ అంకెకు 1.4 రెట్ల పైన మాత్రమే అది కంపనాన్ని అడ్డుకుంటుంది. దాని దగ్గరలో అయితే తగ్గించకపోగా పెంచుతుంది. అందుకే బరువు లెక్క ముఖ్యం. కెనడా కంపెనీ ఐసోఅకౌస్టిక్స్ తన గయా రకాలను బరువును బట్టే విడదీసింది: గయా 3 అయితే 32 కిలోల స్పీకర్ దాకా, గయా 2 అయితే 54 దాకా, గయా 1 అయితే 100 దాకా. పెద్ద రకం కొంటే మంచిదే కదా అనుకుని తేలిక స్పీకర్ కింద పెడితే అది కుంగదు. కుంగనిది ఆపదు. ఎం6, ఎం8 అంటూ మర సైజు కూడా కుదరాలి.

స్పీకర్ కింద బిగించే మొనదేలిన స్పైకుల పని వేరు. తివాచీని గుచ్చుకుని కింది గట్టి నేలను పట్టుకుని స్పీకర్ ఊగకుండా నిలబెట్టడానికి వచ్చినవవి. టైల్స్ మీద స్పైకులు పెట్టి, గీత పడకుండా కింద రూపాయి బిళ్లలు పెట్టుకునే ఇళ్లు మనకు తెలుసు. అందులో తప్పేమీ లేదు. స్పీకర్ కదలకుండా నిలిస్తే చాలు.

మూడో నెలలో ఆయన చేసిన పని మొదటి రోజే చేసి ఉండాల్సింది. 11 వేలు పెట్టి కొలత మైకు కొన్నారు. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్‌కు పైసా అక్కర్లేదు. ఫీట్ ఉంచి ఒకసారి, తీసేసి మామూలు రబ్బరు బిళ్లలు పెట్టి మరోసారి, మైకును అంగుళం కదల్చకుండా కొలిచారు. తెర మీద రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. రెండింటిలోనూ 37 హెర్ట్జ్ దగ్గర ఒక గుట్ట, 75 దగ్గర ఇంకో గుట్ట.

ఆ అంకెలు స్పీకర్‌వి కావు, హాలువి. ధ్వని సెకనుకు 343 మీటర్లు పోతుంది. 15 అడుగుల గదిలో గోడకూ గోడకూ మధ్య అటూ ఇటూ కొట్టుకునే మొదటి అల 37.5 హెర్ట్జ్, రెండోది దానికి రెట్టింపు. బేస్ గిటార్ అడుగు తీగ మోగేది 41 దగ్గర. సోఫా వెనక గోడకు ఆనించి ఉంది, ఆ రెండు అలల ఒత్తిడీ ఎక్కువగా ఉండేది సరిగ్గా అక్కడే. ఆదివారం పొద్దున భార్యాభర్తలిద్దరూ కలిసి సోఫాను గోడ నుంచి దాదాపు నాలుగు అడుగులు ముందుకు జరిపారు. 75 దగ్గరి గుట్ట ఇంచుమించు మాయమైంది. 37 దగ్గరిది కొంత తగ్గింది, మిగిలింది ఆంప్లిఫయర్‌లోని ఈక్వలైజర్‌తో కోశారు. ఆ రోజు ఖర్చు సున్నా. గిటార్ స్వరాలు విడివడ్డాయి. సోఫా వెనక నడవడానికి దారి వచ్చిందని ఆవిడా సంతోషించారు.

అప్పటికి ఫీట్ మీద తొమ్మిది వాయిదాలు మిగిలి ఉన్నాయి.

కథ ఇంతటితో ఆగితే ఐసొలేషన్ ఫీట్ దండగ అని రాసేయవచ్చు. అలా రాయడం తప్పు. ఆయన బావమరిది టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాడు. అక్కడి చాలా ఇళ్లలాగే కింద కాంక్రీటు, పైన చెక్క. మీడియా రూమ్ పై అంతస్తులో ఉంది. “బావా, సినిమా పెడితే కింద వంటింట్లో గిన్నెలు మోగుతున్నాయి, పిల్ల లేచిపోతోంది” అని ఫోనులో మొత్తుకునేవాడు. సంక్రాంతికి వచ్చి వెళ్తున్నప్పుడు ఆ ఎనిమిది కాళ్లూ అతని సూట్‌కేసులో పెట్టారు. అతని స్పీకర్లు 27 కిలోలు, మర సైజు కుదిరింది. వారం తర్వాత ఫోను: “గిన్నెల మోత బాగా తగ్గింది బావా. డబ్బు పంపిస్తున్నా, వద్దనకు.” 30 వేలు పంపాడు. అదే వస్తువు. ఒక నేల మీద పనికిరానిది, ఇంకో నేల మీద ఇంటిల్లిపాదికీ నిద్ర ఇచ్చింది.

ఆయన డైరీలో లెక్క ఇలా ఉంది: ఫీట్ 48,000, ఈఎంఐ మీద అదనం 898, తిరిగి వచ్చింది 30,000, పోయింది 18,898. కింద ఇంకో అంకె కూడా రాసుకున్నారు. ఆ 48 వేలే తన పీపీఎఫ్ ఖాతాలో 7.1 శాతం మీద 15 ఏళ్లు ఉంటే సుమారు లక్షా 34 వేలు. సరదాకు పెట్టిన ప్రతి రూపాయినీ ఇలా తూచడం న్యాయం కాదు, పాట వినడం కూడా బతుకులో భాగమే. లక్షా 85 వేల స్పీకర్ల పక్కన ఆయన అలాంటి అంకె వేసుకోలేదు. అది ఆయన కోరి కొన్నది. ఫీట్ కారణం తెలుసుకోకుండా కొన్నవి. ఈ రెండు ఖర్చులనూ విడదీసి చూసుకోవడంలో ఆయన పూర్తిగా సరైనవాడని ఈ రచయిత నమ్మకం.

మీరూ స్పీకర్ల కింద ఏమైనా పెట్టించాలనుకుంటే, ముందు ఒక పని చేయండి. స్పీకర్ ఉన్నచోట నేల మీద స్టీలు గ్లాసు నిండా నీళ్లు పెట్టండి. రెండు అడుగుల దూరంలో ఎవరినైనా మునివేళ్ల మీద లేచి మడమలు ధబ్బున దించమనండి. నీళ్లు బాగా కదిలితే స్పీకర్ బరువు, మర సైజు కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్లండి. కదలకపోతే సోఫా జరిపి వినండి.