నాన్న కంప్యూటర్లో నా గ్రబ్

మొన్న ఆఫీసులో ఓ కుర్రాడు బయటి ఎస్‌ఎస్‌డీలో లినక్స్ వేసుకుంటూ "బూట్‌లోడర్ ఎక్కడ పెట్టాలన్నా?" అని అడిగాడు. ఆ ప్రశ్న 2010 సంక్రాంతికి నేను ఎవర్నైనా అడిగుంటే ఎంత బాగుండేదో!

అప్పట్లో మా ఊళ్ళో నాన్న కంప్యూటర్లో ఎక్స్‌పీ ఉండేది. దాన్ని ముట్టుకోకూడదనే, నా యూఎస్‌బీ హార్డ్‌డిస్కులో ఉబుంటు 9.10 వేశాను. పార్టిషన్లు నాలుగుసార్లు సరిచూసుకున్నాను కూడా. కానీ చివరి తెరలో అడ్వాన్స్‌డ్ అని ఓ బటన్ ఉంటుంది, బూట్‌లోడర్ ఏ డిస్కుకి వెళ్ళాలో అక్కడ మార్చాలి. నేను నొక్కలేదు. నొక్కకపోతే వెళ్ళేది మొదటి డిస్కుకే, అంటే నాన్నదానికి. రెండు డిస్కులూ తగిలించి ఉన్నన్నాళ్ళూ మెనూ చక్కగా వచ్చింది. నాది సంచిలో పడేసుకుని హైదరాబాదు బస్సెక్కేశా.

ఎంబీఆర్ అంటే మొత్తం 512 బైట్లు. అందులో కోడుకి 446, పార్టిషన్ పట్టికకి 64, సంతకానికి 2. గ్రబ్ అంతా అందులో పట్టదు. మొదటి ముక్క, దాని వెనకున్న ఖాళీ సెక్టర్లలో రెండోది నాన్న డిస్కులో. మాడ్యూళ్ళూ మెనూ నా డిస్కులో. తల అక్కడ, మొండెం నా సంచిలో అన్నమాట.

నాలుగోరోజు నాన్న ఫోను. "ఒరే, నేనేం నొక్కానో ఏమో, పాడైపోయింది. నల్లగా జీ ఆర్ యూ బీ రెస్క్యూ అంటోంది." మూడు రోజులు ఎవరికీ చెప్పలేదట. ఆదివారం అమెరికాలో ఉన్న అక్కతో వీడియోలో మాట్లాడలేదేమని అమ్మ అడిగితే, నెట్ రావట్లేదన్నారట!

అదృష్టం కొద్దీ ఎక్స్‌పీ సీడీ బీరువాలో ఉంది. ఒక్కో అక్షరం చెప్పి రికవరీ కన్సోల్‌దాకా తీసుకెళ్ళా. ఫిక్స్‌ఎంబీఆర్ అని కొట్టగానే అది పార్టిషన్లు పోవచ్చని బెదిరిస్తుంది. "వై కొట్టమంటావా? మనవడి ఫొటోలన్నీ ఇందులోనే ఉన్నాయిరా" అన్నారు. మామూలుగా అది పట్టిక జోలికి పోదని తెలుసు, అయినా నోరెండిపోయింది. "కొట్టండి నాన్నా" అన్నాను.

ఎక్స్‌పీ వచ్చింది. తప్పు నాదని మాత్రం ఆరోజు చెప్పలేదు. మరుసటి పండక్కి చెప్తే "నెట్‌లో గ్రబ్ అని కొట్టి అప్పుడే చూశాలే" అన్నారు.

ఇప్పుడు యూఈఎఫ్ఐలో బూట్‌లోడర్ ఓ ఫ్యాట్ పార్టిషన్లో మామూలు ఫైలుగా కూర్చుంటుంది, ఎవరి ఫోల్డర్ వాళ్ళది. అయితే ఆ పార్టిషన్ ఏ డిస్కుదన్న తంటా అలాగే ఉంది. అందుకే లోపలి డిస్కు పీకేయమని కుర్రాడికి చెప్పా. చిన్న స్క్రూడ్రైవర్ దొరక్క, బయోస్‌లో ఆపేసి మొదలుపెట్టాడు.