సంధి విడదీయుట

మిత్రులను పలకరించి చాలా రోజులయింది. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు మాస్టారూ అని ఎవరైనా అడిగితే చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉన్నది. నెల రోజులుగా నేను మా ఇంటావిడ తుంటి ఎముకకు రంగులు వేస్తూ కూర్చున్నాను.

2022 కార్తికమాసంలో ఒక తెల్లవారుజామున తులసికోట దగ్గర దీపం పెట్టి వెనుదిరుగుతూ ఆమె తడిబండ మీద పక్కకు ఒరిగి పడింది. కుడి తొడయెముక మెడ దగ్గర విరిగింది. ఆసుపత్రిలో ఎక్స్‌రేతో పాటు సీటీ స్కాన్ కూడా తీశారు. రెండవనాడు విరిగిన భాగం తీసివేసి లోహపు బంతి అమర్చారు. మూడు నెలలకు కర్ర లేకుండా నడవసాగింది. స్కాన్ ఉన్న డిస్కు మాత్రం మా ఇంట్లో శబ్దరత్నాకరానికీ బీరువా గోడకూ మధ్య అలాగే ఉండిపోయింది.

మా చిన్నమ్మాయి బయోమెకానిక్స్‌లో పరిశోధన చేస్తున్నది. స్కాన్ చిత్రాల నుండి ఎముకల నమూనాలు తయారుచేసి, కంప్యూటరులోనే వాటిని నొక్కి, వంచి, ఎక్కడ బలహీనపడతాయో చూడడం ఆమె పని. ఈ వేసవికి ఇంటికి వచ్చినప్పుడు డిస్కు ఆమె కంటబడింది. "అమ్మా, నీ స్కాను నేను వాడుకోవచ్చునా? ఎడమవైపు ఎముక విరగకుండా ఉన్నది. లోహం పెట్టకముందు తీసినది కాబట్టి చారలు కూడా లేవు" అని అడిగింది. వాళ్ళమ్మ పప్పు రుబ్బుతూ తల ఎత్తకుండానే, "ఎముకే కదా, చూసుకో. నా వంటింటి జోలికి మాత్రం రాకు" అన్నది.

కన్నతల్లిని ఇంత లాంఛనంగా అడగాలా అని నేను నవ్వాను. అప్పుడు అమ్మాయి ఒక కథ చెప్పింది. 1993 ఆగస్టులో అమెరికాలోని టెక్సాస్‌లో జోసెఫ్ పాల్ జెర్నిగన్ అనే 39 ఏళ్ళ ఖైదీకి మరణశిక్ష అమలు చేశారు. అతడు తన దేహాన్ని శాస్త్రానికి ఇస్తున్నట్లు సంతకం చేసి ఉన్నాడు. ఆ దేహాన్ని స్కాన్ చేసి, గడ్డకట్టించి, ఒక్కొక్క మిల్లీమీటరు చొప్పున తొలుస్తూ 1,871 అడ్డుకోతలను ఛాయాచిత్రాలు తీశారు. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1994లో వాటిని లోకానికి అందించింది. దేహం లోపలి నమూనాలు కట్టే విద్యకు అవి పెద్దబాలశిక్ష వంటివయ్యాయి. అతనికి అపెండిక్సు లేదు, అంతకుముందే తీసివేశారు. ప్రపంచానికి నమూనాగా నిలిచిన మనిషికి ఆ లోటు అలాగే ఉండిపోయింది. అతడు చేసిన సంతకం ఎంతవరకు తెలిసి చేసినదనే చర్చ కూడా ఆనాటినుండీ ఉన్నది. మరుసటి ఏడు వెలువడిన స్త్రీ దేహం 59 ఏళ్ళ ఇల్లాలిది. ఆమె పేరు బయటపెట్టలేదు. ఇది విన్న తరువాత అమ్మాయి అడిగిన ప్రశ్న మీద నాకు గౌరవం కలిగింది.

ఇక అసలు పని. సీటీ చిత్రం ఫోటో వంటిదని నేననుకునేవాణ్ణి. తీరా చూస్తే అది అంకెల పట్టిక. దేహంలోని ప్రతి చిన్న గడికీ ఒక అంకె. నీటికి 0, గాలికి మైనస్ 1000, కొవ్వుకు సుమారు మైనస్ 100, గట్టి ఎముకకు వేయి, ఆ పైన. ఈ కొలమానానికి గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ పేరు పెట్టారు. 1971 అక్టోబరు 1న ఆయన యంత్రం ఇంగ్లండులో మొదటి రోగి తలను చిత్రించింది. 1979లో అలన్ కార్మాక్‌తో కలిసి నోబెల్ బహుమానం అందుకున్నాడు. అంకెలను బూడిదరంగు ఛాయలుగా మార్చి తెర మీద చూపుతారు. అయితే 'ఇది ఎముక, ఇది కండ, ఇది ఇక్కడ ముగిసింది' అని ఆ పట్టికలో ఎక్కడా రాసి ఉండదు. అది మనుషులు చెప్పవలసిందే. అమ్మాయి దానిని సెగ్మెంటేషన్ అన్నది.

"అంటే పదచ్ఛేదమన్నమాట" అన్నాను.

మిత్రులలో తాళపత్రాలు చూసినవారికి నా మాట వెంటనే తెలుస్తుంది. ఆకు మీద గంటంతో రాసినవారు పదానికీ పదానికీ మధ్య ఎడం వదలరు. అక్షరాలు బారులు తీరి ఉంటాయి. 'తనకుమారుడు' అని ఉంటే తన కుమారుడో, తనకు మారుడో ముందువెనుకలు తెలిసినవాడు విడదీయాలి. ఒక చోట కొడుకు, మరొక చోట మన్మథుడు! ఆకులో ఉన్నవి అక్షరాలే, పదాలు చదివేవాడి చదువులో ఉన్నాయి.

అమ్మాయి మొదట సులువైన దారి పట్టింది. 'ఇంత అంకెకు మించినదంతా ఎముక' అని యంత్రానికి ఒక హద్దు చెప్పింది. క్షణంలో ఎముకలన్నీ తెల్లగా లేచి నిలబడ్డాయి. నేను చప్పట్లు కొట్టబోయాను. అమ్మాయి నమూనాను తిప్పి చూపింది. తొడయెముక తల, అది కూర్చునే కటిలోని గిన్నె, రెండూ అతుక్కుపోయి ఒకే ముద్దగా ఉన్నాయి. వయసుతో మృదులాస్థి అరిగి ఎడం సన్నబడినచోట యంత్రానికి రెండెముకలు కనబడలేదు. ఇలాంటి నమూనాతో నడిపిస్తే కాలు కదలదు, తుంటి మొత్తం కదులుతుంది.

కీలును మన వైద్యులు సంధి అంటారు, సంధివాతం అందరికీ తెలిసిన మాటే. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలచేత సంధులు విడదీయించినవాణ్ణి, ఆ మాట వినగానే కుర్చీ దగ్గరకు లాక్కున్నాను. "ఈ ఒక్క సంధీ నేను విడదీస్తాను" అన్నాను.

పని ఇలా ఉంటుంది. ఎడమ తుంటి భాగానికి 88 అడ్డుకోతలు, ఒక్కొక్కటీ 1.25 మిల్లీమీటర్ల మందం. ప్రతి చిత్రంలోనూ మౌసుతో ఎముక అంచు వెంబడి గీయాలి. బయటి గట్టి గోడకు నీలం, లోపలి గుల్లభాగానికి పసుపు. ఒక చిత్రంలో సందేహం వస్తే పై చిత్రమూ కింది చిత్రమూ చూసి నిర్ణయించాలి. మొదటి రోజు నాలుగు చిత్రాలు చేశాను, మెడ పట్టేసింది. పదో రోజుకు చేయి కుదిరింది. ఆ గీతల్లో ఆమె ఎముక ఒంపు నాకు దస్తూరీలా అలవాటయింది. నలభై మూడేళ్ళ కాపురంలో చూడని ఒంపు.

ఈ పనిని ఇప్పుడు యంత్రాలకే నేర్పుతున్నారని, వందకు పైగా అవయవాలను నిమిషాలలో గుర్తించేవి ఉన్నాయని అమ్మాయి చెప్పింది. వాటికి పాఠం చెప్పినవి కూడా మనుషులు గీసి, దిద్దిన హద్దులేనట. గురువు ఎలా గీస్తే శిష్యుడూ అలాగే.

హద్దులు పూర్తయ్యాక ఆ ఆకారాన్ని నాలుగు ముఖాల చిన్న చిన్న దిమ్మెలుగా, లక్షల సంఖ్యలో, విభజిస్తారు. దీనిని ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అంటారు. విమానపు రెక్కలు, కట్టడాలు లెక్కగట్టిన విద్య ఎముకలోకి వచ్చింది. ఒక్కొక్క దిమ్మెకు ఎంత గట్టిదో చెప్పి, ఒకచోట పట్టుకొని మరొకచోట నొక్కితే, ఏ దిమ్మె ఎంత నలుగుతుందో కంప్యూటరు లెక్కగడుతుంది. నలిగినచోట ఎరుపు, తక్కువ నలిగినచోట పసుపు, ఆపైన నీలం.

ముందుగా నడక చూపింది. నడిచేటప్పుడు తొడయెముక మెడ కింది అంచు నొక్కుకుంటుంది. రోజూ పని ఉంటుంది కనుక ఆ అంచు గట్టిగా మిగులుతుంది. తరువాత పక్కకు పడినట్లు నొక్కింది. పాత్రలు తారుమారయ్యాయి. ఈసారి నలిగినది పై అంచు. నడకలో దానికి పెద్దగా పని లేదు, వయసుతో పలచబడి కొందరిలో మిల్లీమీటరు కూడా మిగలదు. జీవితమంతా మోయని బరువు ఒక్కసారిగా దాని మీద పడుతుంది. కార్తికమాసంలో తులసికోట దగ్గర ఆమె కుడి ఎముకకు జరిగినది ఇదే. తెర మీద చూస్తుంటే నాకు గొంతు పట్టుకున్నది.

అయితే నేను గీసిన నమూనాలో ఎడమ మెడ పై అంచు పసుపురంగులోనే ఉన్నది. "చూశావా, ఈ వైపు బాగానే ఉన్నది" అన్నాను.

అమ్మాయి ఏమీ అనలేదు. నేను చేసిన చిత్రాలలో కొన్నిటిని తాను విడిగా గీసి ఉంచిందట. నా గీతల మీద తన గీతలు పరిచింది. తలదగ్గర రెండూ ఒకటే, సంధి చక్కగా విడదీశానని మెచ్చుకుంది కూడా. మెడ పై అంచు దగ్గర మాత్రం నా నీలం గోడ ఆమె గోడకు రెట్టింపు మందం. ఇద్దరి గీతలు ఎంత కలిశాయో చెప్పే కొలత ఒకటున్నది, పూర్తిగా కలిస్తే 1. గోడ వరకు చూస్తే మాకు 0.74 వచ్చింది. మెడ దగ్గర చిత్రాలలో ఇంకా తక్కువ.

"స్కానులో అంచు మసకగా ఉంటుంది నాన్నగారూ. పలచని గోడ పక్క గడిలోకి చెదిరి మందంగా కనిపిస్తుంది. అందరూ చేసే పొరపాటే" అన్నది.

అది నిజమే గాని పూర్తి నిజం కాదని నాకు తెలుసు. మిగిలిన చిత్రాలలో మసక ఉన్నచోట లోపలికే గీశాను. ఆ పదిహేను చిత్రాలలో మాత్రం, ఎర్రబడేది అక్కడేనని ముందే విని ఉన్నాను కనుక, చేయి బయటికి జరిగింది. తప్పు రాసిన పిల్లవాడికి జాలిపడి మార్కు కలిపినట్లు కలిపాను. నేను సర్వీసులో ఎన్నడూ చేయని పని. అమ్మాయి తన గీతలతో మళ్ళీ లెక్క నడిపింది. పసుపు పోయి ఎరుపు వచ్చింది.

"ఎంత బలంతో పడితే విరుగుతుంది? అంకె చెప్పు" అన్నాను.

"చెప్పను. ఇందులో గోడకంతటికీ ఒకే గట్టిదనం ఇచ్చాను. అసలు ప్రతిచోటా సాంద్రతను బట్టి ఇవ్వాలి. సాంద్రత సగమైతే బలం పావుకు పడిపోతుందని 1977లోనే కార్టర్, హేస్ అనేవారు చూపించారు. బూడిదరంగును సాంద్రతగా మార్చాలంటే స్కాన్ తీసేటప్పుడు సాంద్రత తెలిసిన కడ్డీలు రోగితో పాటు ఉంచడం మేలు. అమ్మకు ఉంచలేదు. నేను అంకె చెప్తే మీరు దానిని నమ్ముతారు."

తెలియనిది తెలియదనడం నేర్పినందుకు ఆమె గురువులెవరో వారికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. ఎముక సాంద్రత పరీక్షకు మాత్రం మరుసటి వారమే తీసుకువెళ్ళాము, మందు మొదలయింది.

ఆ సాయంత్రం ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి తెర ముందు నిలబడింది. "ఇదా నాది? మెడ ఇంత సన్నమా?" అన్నది. అమ్మాయి ఎరుపు ఎందుకో చెప్పింది, నేను చేసిన నిర్వాకం కూడా దాచలేదు. ఆవిడ నా వైపు ఒకసారి చూసి, "రంగులకేం గాని, ఆ తులసికోట దగ్గర నాచు ఎప్పటినుంచో గీకించమంటున్నాను" అన్నది.

మరునాడు పొద్దున్నే కొబ్బరిపీచూ సున్నమూ తీసుకొని బండ నేనే గీకాను. స్నానాలగదిలో గోడకు పట్టుకోవడానికి కడ్డీ బిగించేవాడు ఆదివారం వస్తానన్నాడు. 41వ చిత్రం నుండి 55 వరకు చెరిపేసి మళ్ళీ గీస్తున్నాను. ఇప్పటికి 47 అయింది.