ఎడమ నుండి కుడికి, కుడి నుండి ఎడమకు

నాచారం పారిశ్రామికవాడకు సమీపమున ఒక చిన్న గదిలో మేమిద్దరము చదువుకొనెడివారము. మాలో ఒకరిది తెలుగు మాధ్యమము, మరియొకరిది ఉర్దూ మాధ్యమము. కళాశాలలో చేరిన పిదప ఇద్దరినీ సమానముగా భయపెట్టినది త్రికోణమితి.

ఒక పరీక్షలో

(1 – కాస్ తీటా) / సైన్ తీటా = సైన్ తీటా / (1 + కాస్ తీటా)

అని నిరూపింపుమనిరి. మేము అడ్డగుణకారము చేసి, ఇరువైపులా సైన్² తీటా రాగానే "నిరూపితము" అని గీత గీసితిమి. ఇద్దరికీ సున్న వచ్చినది. గణితము మానివేయుదమా అని కూడ తలచితిమి. తుదకు ధైర్యము చేసి ఉపాధ్యాయుల నడిగితిమి. వారు నల్లబల్లపై 1 = –1 అని వ్రాసి, ఇరువైపులా వర్గము చేసిరి. 1 = 1 వచ్చినది! "చివర నిజము వచ్చినంత మాత్రాన మొదటి మాట నిజమగునా? మీరు నిరూపింపవలసినదానినే ముందుగా నమ్మి బయలుదేరినారు" అనిరి.

ఆ రాత్రి మరల కూర్చుంటిమి. సైన్ తీటా సున్న కారాదను షరతును మొదట వ్రాసి, ఎడమవైపును మాత్రమే తీసుకొంటిమి. లవహారములను రెంటిని (1 + కాస్ తీటా)తో గుణించితిమి. లవము 1 – కాస్² తీటా అయినది. సైన్² తీటా + కాస్² తీటా = 1 కనుక, అది సైన్² తీటాయే. హారములోని సైన్ తీటాతో ఒకదానిని కొట్టివేయగా కుడివైపు దానంతట అదే వచ్చినది.

ఉర్దూ వ్రాతకు అలవాటుపడిన చేయి కుడివైపు నుండి బయలుదేరినది. (1 – కాస్ తీటా)తో గుణించి ఎడమవైపునకు చేరినది. రెండును సరియైన దారులే.

సైన్‌ను ఉర్దూ గణితమున 'జైబ్' అందురు. 499లో ఆర్యభటుడు విలువలు కూర్చిన 'జ్య'కు 'జీవ' అనియు పేరు. అది అరబ్బీలో 'జీబ'యై, హ్రస్వాచ్చులు వ్రాయని ఆ లిపిలో 'జైబ్'గా చదువబడి, 12వ శతాబ్దమున లాటిన్‌లో 'సైనస్'గా మారినది. మనము నిత్యము పలుకు 'జేబు' దాని బంధువే! 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున గణితము తొలుత ఉర్దూలోనే బోధింపబడినది. పేరు ఎన్ని భాషలు తిరిగినను రుజువులోని మెట్లు మారలేదు.

వార్షిక పరీక్షలో ప్రతి మెట్టు ప్రక్కన కారణము వ్రాసి ఉత్తీర్ణులమైతిమి. సోదర విద్యార్థులారా! ఏదో ఒక వైపును పట్టుకొనుడు. మెట్టు మెట్టున "ఎందుకు?" అని ప్రశ్నించుకొనుడు. రెండవవైపు తానై వచ్చువరకు దానిని తాకకుడు.