దండగ ఏడాది: లైప్‌జిగ్ డైరీ

2024 సెప్టెంబరు 3

విదేశీ విద్యార్థులను జర్మన్ యూనివర్సిటీ చదువుకు సిద్ధం చేసే మా స్టూడియన్‌కొలెగ్ ప్రవేశ పరీక్ష పేపర్లు దిద్దడం అయింది. లెక్కల్లో మనవాళ్ళు ఎప్పటిలాగే ముందున్నారు. క్యాలిక్యులేటర్ ఇవ్వం కాబట్టి ఎక్కాలు వచ్చినవాడిదే రాజ్యం. జర్మన్ పేపరు దగ్గరకొచ్చేసరికి చతికిలబడ్డారు. ఒక పేరా ఇచ్చి, మాట విడిచి మాటకు వెనక సగం కొట్టేస్తాం, వాళ్ళు పూరించాలి. బట్టీ పట్టి బీ1 సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ళ గుట్టు అక్కడ బయటపడుతుంది. ఇంజనీరింగూ సైన్సూ చదవబోయే టీ-కోర్సు తరగతిలో ఈసారి వియత్నాం, మొరాకో, కామెరూన్, సిరియా పిల్లలు. గుంటూరు వైపు నుంచి ఒక కుర్రాడు.

2024 సెప్టెంబరు 19

ఆ కుర్రాడి తండ్రి ఫోను. "మాస్టారూ, మావాడికి ఇంటర్లో 970 వచ్చాయండీ. మళ్ళీ ఈ ఏడాది ఎందుకండీ దండగ?"

ఓపిగ్గా చెప్పాను. మన ఇంటర్ ఒక్కదానితో ఇక్కడ బ్యాచిలర్ డిగ్రీలో చేర్చుకోరు. జేఈఈ అడ్వాన్స్‌డ్ గట్టెక్కినా, మన దగ్గరే గుర్తింపున్న యూనివర్సిటీలో ఒక ఏడాది పాసయినా, ఆ రంగానికి చెందిన కోర్సుల్లో నేరుగా చేరవచ్చు. తక్కినవాళ్ళు స్టూడియన్‌కొలెగ్‌లో రెండు సెమిస్టర్లు చదివి చివరి పరీక్ష నెగ్గాలి. ఆయన విన్నాడు గానీ మనసు మాత్రం డబ్బు మీదే ఉంది. ప్రభుత్వ కొలెగ్‌లో ట్యూషన్ ఫీజు లేకపోయినా, వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు చూపించాలి. ఆయన దాన్ని అప్పు చేసి తెచ్చాడు. దండగ అనక ఏమంటాడు?

ఈ ఊరికి ఈ పని కొత్త కాదు. తూర్పు జర్మనీ రోజుల్లో, 1956లోనే, విదేశీ విద్యార్థుల కోసం ఇక్కడ ఒక సంస్థ పెట్టారు. 1961లో దానికి తత్వవేత్త హెర్డర్ పేరు పెట్టారు. ఆసియా, ఆఫ్రికా దేశాల పిల్లలు ముందు ఇక్కడ జర్మన్ నేర్చుకుని తర్వాత చదువులకు వెళ్ళేవాళ్ళు. అప్పుడు దండగ అన్న తండ్రులు ఉన్నారో లేదో. లేకపోయి ఉంటే, బహుశా ఖర్చు వాళ్ళది కాదు కాబట్టి.

2024 నవంబరు 14

ఇవాళ లోలకం ప్రయోగం. మీటరు దారం, ఇనుప గుండు, స్టాప్‌వాచీ. ఇరవై డోలనాలకు గుంటూరు కుర్రాడి జట్టుకు 40.9 సెకన్లు వచ్చింది. లెక్క కడితే గురుత్వ త్వరణం 9.44. రిపోర్టులో మాత్రం చక్కగా 9.81 అని రాసి ఇచ్చాడు.

"ఇదెక్కడిది?" అన్నాను.

"పుస్తకంలో అంతే కదా సార్. ఇంటర్ రికార్డులో ఇలాగే రాసేవాళ్ళం."

వాడిలో దొంగతనం లేదు. సరైన జవాబు రాయడమే మర్యాద అనుకున్నాడు. కొట్టేసి, కొలిచింది రాయమన్నాను. ఆ తర్వాత పొరపాటు ఎంత ఉండవచ్చో లెక్క కట్టించాను. వాచీ నొక్కడంలో అటూ ఇటూ 0.2 సెకను పోయినా గురుత్వం దాదాపు 0.1 మాత్రమే మారుతుంది. మరి తక్కిన తేడా ఏది? చాలాసేపు ఎవరూ నోరు మెదపలేదు. చివరికి వియత్నాం అమ్మాయి స్కేలు తీసుకుని లోలకం దగ్గరికి వెళ్ళింది. వీళ్ళు దారాన్ని ముడి దాకానే కొలిచారు. కింద కొక్కెమూ, గుండులో సగమూ కలిపితే ఇంకో నాలుగు సెంటీమీటర్లు. పొడవు 1.04 అని వేసి చూస్తే 9.82 వచ్చింది.

ఆ నాలుగు సెంటీమీటర్లు 9.44లోనే దాక్కుని ఉన్నాయి. 9.81 అని రాసి ఉంటే అవి ఎప్పటికీ దొరికేవి కావు. ఈ ఏడాది ఎందుకని అడిగిన ఆ తండ్రిని ఇవాళ ల్యాబ్‌లో కూర్చోబెట్టాల్సింది.

2025 జనవరి 22

మొదటి సెమిస్టరు మార్కులు. ఇక్కడ 1 అంటే అందరికంటే పైన, 4 అంటే గట్టెక్కడం, 5 అంటే పోవడం. కుర్రాడికి లెక్కల్లో 3. జవాబులన్నీ కరెక్టే, దారి రాయలేదు. నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచుకునే ఎంసెట్ అలవాటు. పేరు ఈఏపీసెట్ అని మారింది గానీ బిట్లు మారలేదు. భౌతికశాస్త్రంలో 4. అక్కడ ఎందుకో చెప్పాలి, అదీ జర్మన్‌లో చెప్పాలి. ఉపవాక్యాల్లో క్రియ చివరికి పోవడం మాత్రం మనవాళ్ళకి ఇట్టే పట్టుబడుతుంది. తెలుగువాడికి అదొక్కటే అక్కడ పుట్టింటి సుఖం.

2025 జూన్ 18

చివరి పరీక్షలు అయ్యాయి. జర్మన్, లెక్కలు, భౌతికశాస్త్రం రాతపరీక్షలు. తప్పితే ఇంకొక్కసారే అవకాశం. కుర్రాడికి భౌతికశాస్త్రంలో 2, లెక్కల్లో 2, జర్మన్‌లో 3. మెకానికల్‌కి దరఖాస్తు పెడతానంటున్నాడు. కామెరూన్ అబ్బాయి ఒకడు జర్మన్‌లో పోయాడు. లెక్కల్లో తరగతి మొత్తానికీ మెరుగైనవాడు, వచ్చే విడతలో మళ్ళీ రాస్తాడు.

రాత్రి గుంటూరులో జూనియర్ లెక్చరరుగా ఉన్న పాత స్నేహితుడితో మాట్లాడాను. లోలకం సంగతి చెబితే నవ్వాడు. "9.44 రాయనిస్తే ఎక్స్‌టర్నల్ మార్కులు కోస్తాడురా, పిల్లాడి తల్లిదండ్రులు నా మీదకొస్తారు" అన్నాడు. అబద్ధమేమీ కాదు. అయినా అడిగాను, ఇక్కడ కూడా రాసుకుంటున్నాను: పరీక్షకిచ్చే రికార్డు నీ ఇష్టం, కానీ ఏడాదిలో ఒక్క ప్రయోగమైనా పుస్తకం మూయించి చేయించు. వచ్చిన అంకెనే రాయనివ్వు. ఎందుకలా వచ్చిందో పిల్లల్ని వెతకనివ్వు.