గోడలు మరువని పొగ

నిప్పు లేనిదే పొగ రాదని పెద్దల మాట. నిప్పు ఆరి, పొగ వెళ్ళిపోయిన పిదప కూడ దాని కంపు ఇంటిని విడువక పట్టియుండగలదని మాకు చేవెళ్ళలోని ఒక అద్దె ఇల్లు నేర్పినది.

మొయినాబాదులో ఉద్యోగము, చేవెళ్ళలో నివాసము. ఇల్లు చిన్నదైనను అద్దె మా జీతమునకు తగినది. కాని తలుపు తెరవగానే పాత సిగరెట్టు కంపు ఎదురైనది. మాకు ముందు ఆ ఇంట నున్నవారు కిటికీలు మూసికొని పొగ త్రాగెడివారట. మా ఆరేండ్ల అమ్మాయికి ఉబ్బసము. మొదటి రాత్రి ఆ బిడ్డ దగ్గుచు కూర్చుండియే తెల్లవార్చినది.

అందరు చేసెడి పనినే మేమును మొదట చేసితిమి. చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతములు పూలతోటలకు పేరుపడినవి గదా! గులాబీలు తెచ్చి బల్లపై నుంచితిమి. ఊదుబత్తులు వెలిగించితిమి. నిప్పులపై సాంబ్రాణి చల్లితిమి. తెరలకు అత్తరు పూసితిమి. కంపు పోలేదు సరికదా, అత్తరుతో కలిసి మరింత వెగటైనది. సాంబ్రాణి పొగకు బిడ్డ దగ్గు హెచ్చినది. పొగను పొగతో పోగొట్టబోవుట ఎంత అవివేకమో అప్పుడు తెలిసినది.

సున్నము వేయవచ్చిన వృద్ధుడు గోడను వ్రేలితో రాసి చూచి, "ముందుగాల గోడ కడుగుండ్రి సారూ, జిడ్డు మీద సున్నం నిల్వది" అనెను. ఆ మాటలో గొప్ప శాస్త్రమున్నది. సిగరెట్టు పొగలోని తారు, నికొటిను సన్నని జిడ్డుగా గోడలకు, బట్టలకు అంటుకొని, మెల్లమెల్లగా తిరిగి గాలిలో కలియుచుండును. ఇట్లు మిగిలిన నికొటిను గాలిలోని నైట్రస్ ఆమ్లముతో కలిసి, క్యాన్సరు కారకములగు నైట్రోసమీనులను పుట్టించునని అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు 2010లో చూపిరి. కనుక ఆ కంపు వట్టి కంపు కాదు, హెచ్చరిక.

బిడ్డను అమ్మమ్మగారింటికి పంపి, ఒక ఆదివారము కిటికీలన్నియు తెరచి పనికి పూనుకొంటిమి. పాత సున్నమును గీకి, గోడలను సబ్బునీటితో కడిగితిమి. తలుపులు, ఫ్యాను రెక్కలు, కిటికీ ఊచలు తుడువగా గుడ్డ తేనెరంగునకు తిరిగినది. తెరలను ఉడుకునీట నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరవేసితిమి. జంఖానాపై వంటసోడా చల్లి, రాత్రియంతయు ఉంచి, ఉదయమున దులిపితిమి. మునుపటివారు విడిచిన పరుపును మాత్రము బయట పారవేసితిమి. గోడలు ఆరిన పిదప వృద్ధుడు సున్నము వేసెను. ఇల్లు సున్నపు వాసనతో హాయిగా నుండెను.

కాని బిడ్డ తిరిగి వచ్చిన కొలది దినములకే సాయంకాలము వేళ పాత కంపు మరల తోచినది. గోడలను అనుమానించితిమి, కప్పును అనుమానించితిమి. ఒకనాడు అమ్మాయి మా భుజముపై తల వాల్చి, వెంటనే మొగము త్రిప్పుకొని, "అబ్బా! వాసన గోడల్లో లేదు, మీ చొక్కాలో ఉంది" అన్నది.

ఇంతవరకు పాఠకులకు చెప్పని సంగతి ఒకటున్నది. ఎం.ఏ. చదివెడి రోజులలో హాస్టలులో మాకును ఆ అలవాటు అంటినది. ఇంట ఏనాడును ముట్టించలేదు. సాయంకాలము బస్సెక్కుటకు ముందు, రోడ్డు ప్రక్కనున్న మర్రిచెట్టు క్రింద ఒక్కటి, కొన్నాళ్ళు రెండు. పొగ చెట్టు క్రిందనే నిలిచిపోవునని మా నమ్మకము. అది మాతోపాటు బస్సెక్కి, మా గడప దాటి, బిడ్డ ఊపిరి వరకు వచ్చుచుండెను. ముందున్నవారిని నిందించుచు గోడలు కడిగిన మేము మా చొక్కాను చూచుకొనలేదు.

మానుట ఒక్కరోజులో కాలేదు. రెండుమార్లు తప్పితిమి. బిడ్డ మొగము త్రిప్పుకొన్న తీరు తలపునకు వచ్చి, మూడవమారు నిలిచితిమి.

విద్యార్థి మిత్రులారా! విద్యాసంస్థలకు 100 గజముల లోపల పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టము చెప్పుచున్నది. బహిరంగ స్థలములలో ధూమపాన నిషేధము 2008 అక్టోబరు 2 నుండి గట్టిగా అమలులోనికి వచ్చినది. చట్టము కళాశాల గేటు వరకు కాపలా కాయగలదు. చొక్కాలో దాగి ఇంటికి పోవు పొగను మనమే ఆపవలెను. గోడలను కడుగుటకు సబ్బునీరు చాలును. మీలో ముట్టించనివారు ముట్టింపకుందురు గాక. ముట్టించినవారు మావలె బిడ్డ చెప్పువరకు ఆగకుందురు గాక!