కుర్చీలో మంచివాడు

టెలివిజనులో వచ్చే ధారావాహిక మీద సాహిత్య పత్రికలో వ్యాసం ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. వారం వారం లక్షలాది మంది ఇంట్లో కూర్చుని చూసే కథను సాహిత్యం కాదని పక్కకు నెట్టడం విమర్శకుడికి సుఖంగానే ఉంటుంది. కాని ఆ కథ ఆ లక్షల మందికి ఏం నేర్పుతున్నదో చూసే పని అట్లాగే మిగిలిపోతుంది. పైగా ఈ వ్యాసం రాయడానికి నాకొక సొంత కారణం కూడా ఉన్నది. అది తర్వాత చెబుతాను.

2011 చలికాలంలో మా అమ్మాయి దగ్గర నాలుగు నెలలుండి రావడానికి ఇంగ్లండు వెళ్లాను. ఆమె అక్కడ ప్రభుత్వ ఆస్పత్రిలో డాక్టరు. ఆమె పొద్దున పోతే రాత్రి ఎప్పుడొస్తుందో తెలియదు. మధ్యాహ్నం నాలుగు గంటలకే చీకటి పడే ఊళ్లో, రిటైరైన తెలుగు మాష్టారు చెయ్యగలిగిందేముంది? టెలివిజను చూశాను. మంగళవారం రాత్రి ఎనిమిదింటికి బి.బి.సి. మొదటి చానెల్‌లో ‘హోల్బీ సిటీ’ వచ్చేది. హోల్బీ అనేది లేని ఊరు. ఆ ఊరి ప్రభుత్వ ఆస్పత్రి కథ అది. 1999 జనవరిలో మొదలైంది. దీనికి అక్కలాంటిది 1986లో పుట్టిన ‘క్యాజువల్టీ’.

ఈ అక్క పుట్టుక మన పాఠకులు తెలుసుకోదగ్గది. దాన్ని కల్పించిన పాల్ అన్విన్, జెరెమీ బ్రాక్ అనే ఇద్దరు కుర్రవాళ్లు, 1948లో పుట్టిన జాతీయ ఆరోగ్య సేవ అనే కల చిరిగి పీలికలైపోతున్నదన్న ఆవేదనతో బి.బి.సి.కి ఒక ప్రణాళికాపత్రం రాసి ఇచ్చారు. అప్పుడు థాచరు ప్రధాని. అంటే ఈ ధారావాహికల మూలంలో ఒక రాజకీయమైన కోపం ఉన్నది. చెల్లెలికి ఆ కోపంలో ఎంత వాటా దక్కిందన్నది వేరే సంగతి.

నాకు మొదట ఆశ్చర్యం కలిగించింది కథ కాదు. రోగి వస్తాడు, పడుకుంటాడు, కోయించుకుంటాడు, లేచి ఇంటికి పోతాడు. నేను చూసిన భాగాల్లో ఎక్కడా ఎవడూ డబ్బు కట్టే కిటికీ ముందు నిలబడలేదు. మెడలో గొలుసు తీసి ఎవరి చేతిలోనూ పెట్టలేదు. ఇక్కడి నుంచి వెళ్లిన వాడికి ఇదొక్కటే చాలు, ఆ కథంతా పరీకథలాగా కనిపించడానికి. అక్కడి వాళ్లకు అది గాలిలాంటిది, ఉన్నదని కూడా తెలియదు.

ఆ ఆస్పత్రికి ఒక అధిపతి ఉన్నాడు. పేరు హెన్రిక్ హాన్సెన్. గై హెన్రీ అనే నటుడు వేశాడు. స్వీడన్ మనిషి, తాటిచెట్టంత పొడుగు, స్వయంగా శస్త్రవైద్యుడు. 2010లో శస్త్రచికిత్సలకు డైరెక్టరుగా వచ్చి, తర్వాత చీఫ్ ఎగ్జిక్యూటివ్ అవుతాడు. గొంతు పెంచడు. ఒక వాక్యం మాట్లాడే ముందు మూడు క్షణాలు మౌనంగా ఉంటాడు. ఆ మౌనానికే ఎదుటివాడు తన తప్పు తాను ఒప్పుకుంటాడు. ఖర్చు తగ్గించవలసి వస్తే తగ్గిస్తాడు, కాని ఆ తగ్గింపు తన గుండెలో ముల్లై దిగుతున్నట్టు మనకు కనిపిస్తూనే ఉంటుంది. నాకు అతడు విపరీతంగా నచ్చాడు. మంగళవారం కోసం ఎదురుచూసేవాణ్ణి. అతణ్ణి ఎవరైనా ఎదిరించి మాట్లాడితే, ఆ మాట్లాడేది నర్సయినా సరే, నాకు కోపం వచ్చేది. నలభై ఏళ్లు ఉపాధ్యాయ సంఘంలో పనిచేసినవాణ్ణి, నర్సుకు వ్యతిరేకంగా యాజమాన్యం పక్షం వహించి సోఫాలో కూర్చున్నాను! ఆ సంగతి చాలా వారాల దాకా నాకు స్ఫురించనే లేదు.

ఒక మంగళవారం అమ్మాయి త్వరగా వచ్చి నా పక్కన కూర్చున్నది. పది నిమిషాలు చూసి నవ్వింది.

“మీ చీఫ్ ఎగ్జిక్యూటివ్ ఎట్లా ఉంటాడే?” అని అడిగాను.

“ఎవరో నాకు తెలియదు నాన్నా. అప్పుడప్పుడు ఈమెయిలు వస్తుంది. అందరికీ కృతజ్ఞతలు అని ఉంటుంది. వార్డులోకి వచ్చి చెయ్యి కడుక్కుని ఆపరేషను చేసే చీఫ్ ఎగ్జిక్యూటివ్‌ని నేనెక్కడా చూడలేదు.”

అసలు కిటుకంతా ఆ చివరి మాటలో ఉన్నది. ఈ కథ రాసినవాళ్లు ఖర్చు లెక్కనూ వైద్యాన్నీ ఒకే శరీరంలో పెట్టారు. పొద్దున ఫైలులో కోత పెట్టిన చెయ్యే సాయంత్రం రోగి పొట్ట కోసి బతికిస్తుంది. లెక్కల పుస్తకానికీ రోగి మంచానికీ మధ్య ఉన్న వైరుధ్యం, ఒక ఉదాత్తుడి మనసులోని సంఘర్షణగా మారిపోతుంది. మారిపోయాక ఇక దానికి రాజకీయ పరిష్కారం అక్కర్లేదు. అతడి మొహంలో కాస్త బాధ కనిపిస్తే చాలు.

కాని ఆ కుర్చీ ఆస్పత్రితో పాటు పుట్టింది కాదు. 1948 జూలై 5న ఆరోగ్య సేవ మొదలైనప్పుడు అది లేదు. మంత్రి అన్యూరిన్ బెవాన్, వేల్సు బొగ్గుగనుల నుంచి వచ్చినవాడు. తన ఊరు ట్రెడీగరు ఆస్పత్రిలో మలపాత్ర కింద పడితే ఆ చప్పుడు పార్లమెంటులో వినపడాలని అతడన్నట్టు చెప్పుకుంటారు. అన్నాడో లేదో గాని ఏర్పాటు మాత్రం అదే: జవాబు చెప్పవలసినవాడు మంత్రి. కళ్లద్దాలకూ కట్టుడు పళ్లకూ రోగి దగ్గర డబ్బు తీసుకోవాలని సొంత ప్రభుత్వమే నిర్ణయిస్తే 1951లో రాజీనామా పారేసి బయటికి పోయాడు. డెబ్బయ్యో పడి చివరికి కూడా ఆస్పత్రుల్లో పరిపాలకుడు, డాక్టరు, నర్సు, కోశాధికారి కలిసి కూర్చుని, అందరూ ఒప్పుకుంటే నిర్ణయం చేసే పద్ధతి ఉండేది. అది నత్తనడక నడిచేదంటారు. నడిచే ఉండవచ్చు.

1983లో థాచరు ప్రభుత్వం రాయ్ గ్రిఫిత్స్‌ను పిలిచి, ఈ సేవను ఎట్లా నడపాలో చెప్పమన్నది. ఆయన డాక్టరు కాదు. సెయిన్స్‌బరీ అనే పెద్ద కిరాణా దుకాణాల సంస్థను నడిపినవాడు. ఇక్కడ బాధ్యుడెవరో తెలియడం లేదు, ప్రతిచోటా ఒక జనరల్ మేనేజరు ఉండాలి అని ఆయన ఇరవై పైచిలుకు పేజీల్లో తేల్చాడు. 1990 చట్టంతో ఆస్పత్రులు ట్రస్టులయ్యాయి, 1991లో మొదటి విడతగా 57. ప్రతి ట్రస్టుకూ ఒక బోర్డు, ఒక చీఫ్ ఎగ్జిక్యూటివ్. ఒక ట్రస్టు అమ్మేది, ప్రాంతీయాధికారులు కొనేది. దాని పేరు అంతర్గత మార్కెట్టు. మలపాత్ర చప్పుడు ఇప్పుడు పార్లమెంటు దాకా పోనక్కర్లేదు, చీఫ్ ఎగ్జిక్యూటివ్ గది తలుపు దగ్గర ఆగిపోతుంది. నిధులు ఇవ్వకపోవడం పైవాడి పని, జవాబు చెప్పడం ఈ కుర్చీలోవాడి పని. ఆ కుర్చీ కొరత ఎట్లా పంచుతుందో మిడ్ స్టాఫర్డ్‌షైరు ట్రస్టు మీద 2013లో వచ్చిన ఫ్రాన్సిస్ నివేదిక చదివితే తెలుస్తుంది. డబ్బు లెక్కలూ లక్ష్యాలూ చూసుకుంటూ బోర్డు రోగుల్ని చూడ్డం మానేసిందని దాని సారాంశం.

నేనక్కడ ఉన్న నెలల్లోనే పార్లమెంటులో మరో ఆరోగ్య బిల్లు మీద గొడవ నడుస్తున్నది. 2012 మార్చిలో అది చట్టమైంది. ఫౌండేషను ట్రస్టులు తమ ఆదాయంలో దాదాపు సగం దాకా ప్రైవేటు రోగుల నుంచి సంపాదించుకోవచ్చునన్నారు. మా అమ్మాయి సహోద్యోగులు ఇంటికి వస్తే అదే మాట. వాళ్లు పోయాక నేను హాన్సెన్‌ను చూసేవాణ్ణి.

అమెరికావాళ్ల ‘హౌస్’ అనే ధారావాహికలో ఇంత నాజూకు లేదు. 2005లో వచ్చిన భాగాల్లో వోగ్లర్ అనే మందుల కంపెనీ యజమాని ఆస్పత్రికి పది కోట్ల డాలర్లిచ్చి బోర్డు అధ్యక్షుడై కూర్చుంటాడు. తన కంపెనీ మందును పొగుడుతూ ఉపన్యాసమివ్వమని డాక్టరు మెడ మీద కూర్చుంటాడు. చివరికి బోర్డు అతణ్ణి గెంటేస్తుంది, పది కోట్లూ పోతాయి. మోటు కథే. కాని అందులో డబ్బు రంగస్థలం మీదికి వచ్చి, తన పేరు చెప్పుకుని, తన మాట మాట్లాడింది. హోల్బీలో డబ్బు ఎప్పుడూ తెరవెనకే. మనకు కనిపించేది దాని తరఫున బాధపడే మంచి మొహం.

మళ్లీ 2017 చలికాలంలో వెళ్లాను. మధ్యలో వెళ్లిపోయిన హాన్సెన్ తిరిగి వచ్చి ఉన్నాడు. ఆ సంవత్సరాంతంలో అతడి కొడుకు ఫ్రెడ్రిక్ తుపాకి పట్టుకుని ఆస్పత్రిలో జొరబడి డాక్టర్ల మీద కాల్పులు జరుపుతాడు. ఆ దెబ్బకు హాన్సెన్ కుంగిపోతే, పాత స్నేహితుడు గాస్కెల్ చేతికి పెత్తనం పోతుంది. అతడు నియమాలు తుంగలో తొక్కి రోగుల మీద ప్రయోగాలు చేస్తాడు. నటులు బాగా చేశారు, కాదనను. కొడుకు సంగతి తెలిసిన తండ్రి మొహం నాకిప్పటికీ గుర్తే.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 2018 జనవరి మొదట్లో, అత్యవసరం కాని ఆపరేషన్లన్నీ ఆ నెలాఖరు దాకా ఆపమని ఇంగ్లండు ఆస్పత్రులకు పైనుంచి సలహా వచ్చింది. 55,000 దాకా వాయిదా పడవచ్చునని పత్రికలు రాశాయి. ప్రధాని థెరెసా మే క్షమాపణ చెప్పింది. మంచాల్లేక రోగులు వరండాల్లో చక్రాల బల్లల మీద గంటల తరబడి పడి ఉన్నారు. మా అమ్మాయి ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండా, వంటింట్లో నేల మీద కూర్చుండిపోయేది. తెర మీద ఆస్పత్రిని కూల్చింది అధిపతి కొడుకూ, అధిపతి స్నేహితుడూ. బయట దాన్ని కూల్చుతున్నది ఖజానా. హోల్బీకి కష్టం ఎప్పుడూ అధిపతి ఇంట్లోంచే వస్తుంది! ఇది ఎవడో కూర్చుని పన్నిన కుట్ర అని నేననను. కథకు మనిషి కావాలి, బడ్జెట్టుకు మొహం ఉండదు. అయినా ఆ మొహం లేనిదాన్ని చూపించడానికే కదా ఆ అక్క పుట్టింది.

ఇక నా సొంత కారణం.

రిటైరవడానికి ముందు రెండేళ్లు నేనొక ఎయిడెడ్ కాలేజీలో ఇన్‌చార్జి ప్రిన్సిపాలుగా ఉన్నాను. ఒక వేసవిలో ఏడుగురు పార్ట్‌టైము లెక్చరర్లను తీసెయ్యాలని యాజమాన్యం నిర్ణయించింది. నేను సంఘం మనిషిని, నేనైతే నొప్పి తెలియకుండా చేస్తానని వాళ్లకు నమ్మకం. నాకూ అదే నమ్మకం. ఎవడో మోటుగా చేసేకంటే నేను చెయ్యడం మేలు కదా అనుకున్నాను. ఒక్కొక్కరినే పిలిచాను. టీ తెప్పించాను. కాగితం చేతికిచ్చే ముందు, అచ్చంగా హాన్సెన్ లాగానే, కాసేపు మౌనంగా ఉన్నాను. పదకొండేళ్లు తెలుగు చెప్పినాయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, లేచి, “మీరు కాబట్టి ఇంత మర్యాదగా చెప్పారు మాష్టారూ” అన్నాడు.

ఆ మాటను నేను సర్టిఫికెట్టులాగా దాచుకున్నాను. ఏళ్ల తరబడి నిద్రపట్టని రాత్రుల్లో తీసి చూసుకునేవాణ్ణి. ఆ రోజు నేను చెయ్యగలిగింది మరొకటి ఉన్నది: ఆ కాగితాల మీద సంతకం పెట్టనని చెప్పి, ఏడుగురినీ ఒకేసారి గదిలోకి పిలిచి కూర్చోబెట్టడం. అప్పుడు యాజమాన్యం తన మొహంతో తానే రావలసి వచ్చేది. ఒక్కొక్కరినే పిలవడం మర్యాద కోసం అనుకున్నాను. ఏడుగురూ కలిసి ఉంటే నేనా మాట అనలేననే భయం అది.

హాన్సెన్ నాకెందుకు నచ్చాడో 2018 జనవరిలో ఆ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉండగా అర్థమైంది. అమ్మాయికి అన్నం పెట్టి, ఆ కాలేజీ సంగతి చెప్పాను. ఆమె చేయి ఆపి విన్నది. “ఆయన ఇప్పుడేం చేస్తున్నాడు నాన్నా?” అని అడిగింది. నాకు తెలియదు. కనుక్కోనే లేదు.

2022 మార్చి 29న ‘హోల్బీ సిటీ’ ఆగిపోయింది. అమ్మాయి ఫోను చేసి, “మీ హాన్సెన్ ఇక రాడు నాన్నా” అన్నది. వాళ్ల ఆస్పత్రిలో చీఫ్ ఎగ్జిక్యూటివ్ కూడా మారాడట. కొత్తాయన ఈమెయిలు చాలా బాగా రాస్తాడట. రాత్రి మీ వార్డులో ఎంతమంది నర్సులున్నారని అడిగాను. ఆరుగురుండాలి, నలుగురున్నారని చెప్పింది.